ఒడ్డు నుంచా, పడవ మీంచా

మొన్న ఫాల్గుణంలో, ఎండలు ఇంకా ముదరక ముందు, టెక్కలిలో బస్సెక్కి మా ఊరి సముద్రం చూడ్డానికి వెళ్లాను. పుట్టింటి తోట అమ్మేశాక అటు తిరిగి చూడలేదు. వలలు ఆరబెట్టే ఇసుక మీద ఇప్పుడు నీలం పట్టా కప్పిన పాక ఒకటి వేశారు. పాక ముందు బల్ల, బల్ల మీద నీటి కింద పెట్టుకునే అద్దాలు వరసగా ఆరుతున్నాయి. బల్ల వెనక పాతికేళ్ల అమ్మాయి, పక్క పల్లె పిల్లే, తడి జుట్టు ముడేసుకుని కూర్చుంది. నన్ను కిందనించి పైదాకా చూసి, మోకాళ్ల దగ్గర కాస్త అనుమానంగా ఆగి, అయినా మర్యాదగానే అడిగింది. "షోర్ డైవా మేడమ్, బోట్ డైవా?"

నాకు నోరెక్కువని మావాళ్లందరికీ తెలుసు. బళ్లో పాతికేళ్లు తెలుగు చెప్పిన నోరు, అడిగినదానికీ అడగనిదానికీ జవాబిస్తుంది. ఆ పూట మాత్రం బల్ల మీది అద్దం ఒకటి తీసుకుని తిప్పి చూస్తూ నిలబడ్డాను. ఆ ప్రశ్న నాకు కొత్త కాదు. తను పుట్టకముందే మా ఇంటి వసారాలో వారం రోజులు దాని మీదే గొడవపడ్డాం. ఒడ్డు నుంచి దిగాలా, పడవ మీంచి దిగాలా? దిగాల్సింది మా నాయనమ్మ. ఆవిడకి అప్పటికి డెబ్భై దగ్గర పడుతున్నాయి.

మాది కొబ్బరీ జీడీ పండించే ఇల్లు. సముద్రం ఇంటికి కోసు దూరం కూడా లేదు. పొద్దస్తమానం దాని హోరు వినిపిస్తూనే ఉండేది. కానీ అది పల్లెవాళ్లది, మాది తోట, అంతే. వేసవి వచ్చిందంటే పెరట్లో జీడిపిక్కలు కాల్చే పొగ. ఆ పొగకి కళ్లు మండేవి, గొంతు గీసుకుపోయేది, అయినా ఆ వాసన వస్తేనే ఇంట్లో పని ఉన్నట్టు, మనుషులున్నట్టు అనిపించేది. కాల్చిన పిక్కలు కొట్టి, పప్పు ఎండబెట్టి, పొట్టు తీసి, గుండు ఒక చేటలో, బద్ద ఒక చేటలో, ముక్క ఒక చేటలో వెయ్యాలి. ఆ పని నాయనమ్మది. గోడకి జారబడి, కాళ్లు చాపుకుని, పొద్దున చోడంబలి తాగి కూర్చుంటే మధ్యాహ్నం దాకా లేచేది కాదు. జీడి పాలకి ఆవిడ వేళ్లు నల్లగా మాడిపోయి ఉండేవి. బూడిద రాసినా, కొబ్బరినూనె రాసినా ఆ నలుపు పోలేదు. గుండులో ఒక్క బద్ద కలిసేది కాదు. అందుకే ఆవిడ చూపు పోతోందని మాకెవరికీ తెలియలేదు. వేళ్లే చూసుకుంటున్నాయి మరి.

పసిగట్టినవాడు చిన్నాన్న. మా నాన్నకి తమ్ముడు, నాయనమ్మకి కడగొట్టు కొడుకు. మా వైపు చాలామందిలాగే విశాఖపట్నంలో ఓడెక్కి అండమాను వెళ్లాడు. మొదట తాపీ పనికి వెళ్లినవాడు, తర్వాత సముద్రంలో మునిగే యాత్రికులకి గాలి సిలిండర్లు మోసే పనిలో చేరి, ఆఖరికి తనే మునిగి వాళ్లకి చూపించేంతవాడయ్యాడు. అయిదేళ్లకి ఇంటికొచ్చాడు. వసారాలోకి వచ్చి, నాయనమ్మకి కుడిపక్కన నిలబడి, పలకరిస్తుందేమోనని ఊరుకున్నాడు. ఆవిడ పప్పు ఏరుకుంటూనే ఉంది. రెండడుగులు ముందుకేసి ఎదురుగా నిలబడ్డాడు. అప్పుడు తలెత్తింది.

"ఎప్పుడొచ్చినావురా? పిల్లిలాగ వత్తావేటి?"

"ఇక్కడే ఉన్నాను గదే అమా, ఇంతసేపూ."

ఆవిడ నవ్వేసింది. చిన్నాన్న నవ్వలేదు. మర్నాడే ఆవిడని శ్రీకాకుళం తీసుకెళ్లి పెద్ద కంటి డాక్టరుకి చూపించాడు. శుక్లాలు కావు, నీటికాసులు అన్నాడట డాక్టరు. చూపు పక్కలనుంచి మూసుకొస్తుంది, ఎదుట ఉన్నది మాత్రం గొట్టంలోంచి చూసినట్టు కొన్నాళ్లు కనిపిస్తుంది, పోయినది మళ్లీ రాదు, చుక్కలు వేసుకుంటే ఉన్నది కొంచెం ఆగుతుంది. ఇంటికొచ్చాక నాయనమ్మ అందరికీ తనే చెప్పింది. "నీటికాసులంటర్రా. ముసల్దానికి కాసులు కూడా కంట్లోనే పడ్డాయి, ఒక్కటీ సేతికి రాదు." మేం నవ్వాం. ఆవిడ చేటలు ముందుకి లాక్కుని మళ్లీ పప్పు ఏరడం మొదలుపెట్టింది.

చిన్నాన్న ఆ వారం మనిషి మనిషిలో లేడు. అన్నం దగ్గర కూర్చుంటే అండమాను నీళ్ల సంగతులే చెప్పేవాడు. చేపలు గుంపుగా తిరుగుతాయని, నీటి కింద రాళ్లు పూస్తాయని, రాయి కన్నాల్లో ఎర్ర చేపలు పెద్ద పెద్ద కళ్లేసుకుని దాక్కుంటాయని. నాయనమ్మ నమ్మీ నమ్మనట్టు వినేది. "సముద్రం అడుగున సీకటి గదరా, ఎలగ కనబడతాది?" అనేది. ఒకరోజు చిన్నాన్న పెట్టెలోంచి గాజు అద్దం తీశాడు. చుట్టూ నల్ల రబ్బరు, ముక్కు కూడా మూసుకుపోతుంది. "అమా, కళ్లుండగా ఒక్కపాలి నువ్వది సూడాల. నాను సూపిత్తాను" అన్నాడు. ఆ ఒక్క మాటే రెండుసార్లు అన్నాడు. దూర దేశంలో తను చేసే పని ఏమిటో తల్లికి మాటల్లో చెప్పి చెప్పి విసిగిపోయాడు. ఆవిడ కళ్లు మూసుకుపోయేలోగా చూపించాలని పట్టుదల. ఆ పట్టుదల నాకు ఇప్పుడు అర్థమవుతుంది, అప్పుడు సరదాగానే ఉండేది.

మా నాన్న ఎగిరిపడ్డాడు. "సేటల కాడ కూకునే మనిసిని సముద్రంలో ముంచుతావేట్రా?" అన్నాడు. కానీ నాయనమ్మ అప్పటికే అద్దం ఒళ్లో పెట్టుకుని రబ్బరు లాగి చూస్తోంది. ఇక గొడవంతా ఎక్కడనించి దిగాలన్నదే. ఎదురుగా సముద్రంలో కొంత దూరంలో పార ఉంది, అంటే నీటి కింద రాతి దిబ్బ. పల్లెవాళ్లు పెద్ద చేపలకి అక్కడికే వెళ్తారు. చిన్నాన్నకి మనసంతా దాని మీదే. "మా దగ్గిరికొచ్చినోల్లని రోజూ ఇదే అడుగుతాం," అన్నాడు. "ఒడ్డు నుంచయితే అడుగులో అడుగేసుకుని దిగొచ్చు, బయిం ఉండదు, గాని కనబడీది కొంచెమే. పడవయితే ఒక్క గెంతు, కింద లోకమంతా ఉంటాది." ఒడ్డు నుంచయితే ఊరికి దక్షిణాన నల్లరాళ్ల చోటొకటే ఉంది. ఆటు మీద, నీరు వెనక్కి తీసినప్పుడు, ఆ రాళ్లు కెరటాన్ని ఆపేస్తాయి, లోపల నడుం లోతు నీరు కదలకుండా నిలబడుతుంది. అక్కడ ఏముంటుందిలే అని చిన్నాన్న కొట్టిపారేశాడు.

పడవకి వచ్చిన చిక్కు వేరు. ఆ రోజుల్లో మా పల్లెల్లో ఆడమనిషి పడవ మీద కాలు పెట్టేది కాదు. చేపలు అమ్మేది ఆడవాళ్లే, వల తెగితే కుట్టేదీ వాళ్లే, కానీ పడవ ఎక్కకూడదు. ఎక్కితే వల ఖాళీగా వస్తుందని నమ్మకం. చిన్నాన్న తండేలు దగ్గరికి, అంటే పారకి వెళ్లే పడవ మీద పెద్దమనిషి దగ్గరికి, మూడు రోజులు తిరిగాడు. చిన్నప్పుడు కలిసి ఆడుకున్నవాళ్లే. మూడోరోజు తండేలు తనే మా వసారాలోకి వచ్చి, చుట్ట ఆర్పి చూరులో దోపి, నాయనమ్మ ముందు కూర్చున్నాడు.

"అత్తా, రేపు తెల్లారగట్ల రా. మా కుర్రోల్లని ఇంకో పడవెక్కించీసినాను. నిన్ను నాను సూడనట్టే ఉంటాను."

మా అందరికీ ప్రాణం లేచొచ్చింది. నాయనమ్మ మాత్రం చేటలో చెయ్యి ఆపి, ఎదురుగా ఆయన మొహం మీదే ఆ కొంచెం చూపూ నిలిపింది. "వొద్దురా నాయినా," అంది. "నువ్వు సూడనట్టుంటావు. రేపెప్పుడో నాలుగు రోజులు వల ఒట్టిగా వత్తే, నీ ఆడది నీ మొకం సూసి నన్నే తలుసుకుంటాది. నా కంటి సరదాకి మీ కంచంలో మెతుకు మీద మాట రాకూడదు." తండేలు ఇంకేదో అనబోయాడు. "నాను ఒడ్డు నుంచే దిగుతాను. నడిసెల్లి నడిసొత్తాను. దానికి ఎవులూ వొద్దనరు గదా" అని ఆ మాట అక్కడితో తెంచేసింది. చిన్నాన్న లేచి తోటలోకి వెళ్లిపోయాడు. నాకు వెక్కివెక్కి ఏడుపొచ్చింది. పార చూడకపోతే ఇంకేం చూసినట్టు అనుకున్నాను. పదహారేళ్ల పిల్లని, నాకు పెద్దదే కావాలి.

నీరు తేరేదాకా ఆగమన్నాడు తండేలు. తేరడమంటే బురద అడుక్కి దిగి నీరు అద్దంలా నిలబడడం. మాఘం వెళ్లాక ఒక పొద్దున కబురు పంపాడు. నలుగురం వెళ్లాం. నాన్న తువ్వాలు పట్టుకుని ఒడ్డునే నిలబడ్డాడు. నాయనమ్మ కోక గోచీ పెట్టి బిగించింది, నడుముకి చిన్నాన్న ఇంకో తువ్వాలు చుట్టి ఆ కొస చేత్తో పట్టుకున్నాడు. అద్దానికి పొగ పట్టకుండా అందులో ఉమ్మేసి నీళ్లతో కడుగుతుంటే ఆవిడ వెనక్కి తగ్గింది. "సీ, ఎంగిలి అద్దమేట్రా నా మొకానికి?" అందరూ అలాగే చేస్తారని, ఉప్పునీళ్లకి ఎంగిలి లేదని బతిమాలి తగిలించేసరికి పొద్దు బారెడు ఎక్కింది.

నడుం లోతు వచ్చాక చిన్నాన్న "ఊఁ, మునుగు" అన్నాడు. నాయనమ్మ చేతులు జోడించి, పెదాలు కదుపుతూ, నిలువునా ఒక మునక వేసింది. లేచింది. ఇంకోటి. మూడోది. నీళ్లు కారుతున్న మొహంతో "అయిపోనాది. ఎల్దామా?" అంది.

"ఏటి కనబడింది?" అన్నాడు చిన్నాన్న.

"ఏటి కనబడతాది, సీకటి. నాను ముందే సెప్పినాను గదా."

"కళ్లు తెరిసినావా?"

"మునిగినపుడు కళ్లు ఎవులు తెరుత్తార్రా?"

నాన్న ఒడ్డున కూలబడి నవ్వాడు. నేనూ కడుపు పట్టుకుని నవ్వాను. మా వైపు ఏటా మాఘ పున్నానికి సముద్ర స్నానం చేస్తాం, మూడు మునకలు, కళ్లు గట్టిగా మూసుకుని. మునగడమంటే మాకు అదే. చిన్నాన్న అయిదేళ్లుగా వేరే మునక నేర్చుకుని, మేం నేర్చుకోలేదన్న సంగతే మరిచిపోయాడు. నాయనమ్మ మాత్రం నవ్వలేదు. నీళ్ల వైపు చూస్తూ, "పెళ్లయి వచ్చినకాడినించి ఏటా మునిగినాను. ఒక్కపాలీ తెరవనేదు" అంది మెల్లగా. తర్వాత తనే అద్దం సరిచేసుకుని, "పట్టుకోరా" అని కొడుకు చేతి మీద బోర్లా పడుకుంది. పసిపిల్లకి ఈత నేర్పేటప్పుడు పట్టుకున్నట్టు పొట్ట కింద చెయ్యి వేసి పట్టుకున్నాడు.

ఆవిడ లేవలేదు. చిన్నాన్న తట్టాడు. తలెత్తి, గాలి పీల్చి, మళ్లీ మొహం నీళ్లలో పెట్టేసింది. అలా ఎన్నిసార్లో. ఎవరూ చెప్పక్కర్లేకుండా, మెల్లగా రాళ్ల వైపు తనే చేతులతో పాక్కుంటూ వెళ్లింది. చలికి పెదాలు నల్లబడ్డా రానంది. బలవంతాన లేపి నిలబెడితే నల్ల వేళ్లు కళ్ల ముందు పెట్టుకుని చూసుకుంది. "సారల చాప వచ్చి నా వేలు ముట్టుకున్నాది. నాను కదలనేదు. ఇంకోటి వచ్చినాది," అంది. "అంతా ఎలుగేరా. అడుగుదాకా ఎలుగే."

తర్వాత నా వంతు. అద్దం పెట్టుకుని తల ముంచిన క్షణం ఇప్పటికీ ఒంట్లో ఉంది. పైన హోరు ఠక్కున ఆగిపోయింది. ఇసుక మీద ఎండ వలలా కదులుతోంది. ఆకుపచ్చ నాచు ఒక పక్కకి వంగి మళ్లీ లేస్తోంది, పసుపూ నలుపూ చారల చేపలు అందులోంచి వచ్చి నన్ను చూసి, నేనేం పెద్ద లెక్కలోది కానన్నట్టు వాటి పని చూసుకున్నాయి. నేను పుట్టిన ఊరు, రోజూ విన్న సముద్రం, దాని లోపల ఇదంతా ఉండగా నేను జీడిపొట్టు తీసుకుంటూ కూర్చున్నానా అనుకున్నాను. ఆశ్చర్యానికి నీళ్లలోనే నోరు తెరిచి ఉప్పునీళ్లు తాగాను. పక్కకి చూద్దామంటే రబ్బరు అడ్డం. ఎదుట ఉన్నది తప్ప కనబడదు. నాయనమ్మకి బయటంతా ఇప్పుడిలాగే ఉంటుందని అప్పుడు తెలిసింది. ఏడుపూ ఆనందమూ ఒకేసారి వచ్చాయి.

ఆ రోజు మధ్యాహ్నం అన్నాల దగ్గర నాయనమ్మ ఒక్కొక్కటీ చెప్పుకొచ్చింది. చారల చేప, నాచు, రాయికి అంటుకున్న ముళ్ల కాయలు. తర్వాత, "రాయి కన్నంలో ఎర్ర చాప. కళ్లు పెద్దవి. కదలకుండా కూకుని నన్నే సూసినాది" అంది. చిన్నాన్న ముద్ద ఆపి నవ్వాడు. "అది ఇక్కడ ఉండదే అమా. అది నాను సెప్పిన అండమాను చాప. లోతునీటిది. పడవెక్కి పారకాడికి ఎల్తేగాని కనబడదు." నేను ఊరుకున్నానా? ఆ రాళ్లన్నీ నేనూ చూశానని, ఎర్రదేదీ లేదని, కథ విని కళ్లతో చూసినట్టు అనుకుంటున్నావని, బళ్లో మా మేష్టారు చెప్పినట్టే చెప్పాను. నాయనమ్మ నా వైపు తల తిప్పి, నన్ను ఆ సన్న చూపులోకి తెచ్చుకుని, "నువ్వు సూడనేదేమో బుల్లీ" అంది. అంతే అంది.

చిన్నాన్న మళ్లీ అండమాను వెళ్లిపోయాడు. రెండేళ్లు తిరిగేసరికి ఆవిడ చూపు పూర్తిగా మూసుకుపోయింది. పప్పు ఏరడం మాత్రం మానలేదు. పొట్టు తీయడానికొచ్చే ఆడవాళ్లకి ఆ ఒక్క పొద్దున సంగతే చెప్పేది, వాళ్లు మళ్లీ మళ్లీ చెప్పించుకునేవాళ్లు. చారల చేప వేలు ముట్టుకోవడం దాకా వచ్చి, రాయి కన్నం దగ్గరికి వచ్చేసరికి, నా గాజుల చప్పుడో అడుగుల చప్పుడో వినిపిస్తే ఆగిపోయేది. "ఇంకేటుంది, అంతే" అనేది. నేను పక్కన లేనప్పుడు పూర్తిగా చెప్పేదని ఆవిడ పోయాక ఆ ఆడవాళ్లే చెప్పారు. ఆ మాట విన్న రోజు నా నోరు మీద నాకే అసహ్యం వేసింది.

పాక దగ్గర ఆ అమ్మాయి ఇంకా జవాబు కోసం చూస్తోంది. ఆ పిల్ల పడవ ఎక్కుతుంది, పడవ నడుపుతుంది, పారకి రోజుకి రెండుసార్లు వెళ్లొస్తుందట. వాళ్ల నాన్న వద్దనలేదా అని అడిగితే, "పడవ మా నాన్నదే మేడమ్" అంది. నేనూ ఎక్కొచ్చు. ఇన్నాళ్లకి పార చూడొచ్చు. తీరా నోట్లోంచి వచ్చింది మాత్రం "ఒడ్డు నుంచే, నల్లరాళ్ల దగ్గర" అని. అక్కడ పెద్దగా ఏమీ ఉండదని చెప్పి చూసింది. నేను వినలేదు.

ఆటు మీద నీరు తేరి ఉంది. అద్దంలో ఆ అమ్మాయి ఉమ్మలేదు, ఏదో మందు చుక్క వేసింది. నా మోకాళ్లు పట్టేసి రాళ్ల దాకా చేరడానికే చాలాసేపు పట్టింది. ఆనాడు నేను చూసినట్టు చూడకూడదని ముందే అనుకున్నాను. ఆనాడు ఎక్కడ ఏది కదిలితే అటు తల తిప్పి, అంతా నాకే కావాలని ఆత్రపడ్డాను. నాయనమ్మకి ఎదుటిదొక్కటే కనబడేది, అందుకని ఎదుట ఉన్నదాన్ని వదలకుండా చూసేది. ఒక రాయి కింద కన్నం కనబడింది. తల తిప్పకుండా అందులోకే చూస్తూ ఉండిపోయాను. గాలికి లేచి, మళ్లీ ముంచి, మళ్లీ అక్కడికే. మొదట నలుపు, తర్వాత నలుపులో కొంచెం ఎరుపు, తర్వాత కన్ను. నా బొటనవేలంత కన్ను. ఎర్ర చేప కదలకుండా కూర్చుని నన్నే చూస్తోంది.

నేను నీళ్లలోంచి ఎలా వచ్చానో నాకు తెలియదు. ఆ అమ్మాయి కంగారుపడి తువ్వాలు కప్పింది. ఫోనిమ్మని చిన్నాన్నకి కలిపాను. ఆయన ఇంకా అండమానులోనే ఉన్నాడు, మునగడం మానేసి చాలా ఏళ్లయింది, చెవి సరిగా వినబడదు.

"చిన్నాన్నా, నల్లరాళ్ల దగ్గరున్నాను. ఎర్ర చేప ఉంది."

"ఏటీ?"

"రాయి కన్నంలో. నాయనమ్మ చెప్పింది. ఉంది."

అవతల ఆయన ఫోను రెండో చెవికి మార్చుకున్న చప్పుడు.

"కళ్లు పెద్దవేనా?" అన్నాడు.

"పెద్దవే," అన్నాను.